జీతమునకు పెంచిన బిడ్డ

ధ్యాన భాగములు: నిర్గమకాండము 2:1–10, యోహాను 10:11–13, యాకోబు 3:1



బోధకులు కాగోరువారిని యాకోబు తన పత్రికలో కొంచెము వెనుకకు లాగుచున్నాడు. ఆ పనికి అనేకులు తొందరపడవద్దనియు, బోధించువారికి తీర్పు మరింత కఠినముగా నుండుననియు ఆయన భావము. మన రాష్ట్రములో ఆ హెచ్చరికను లెక్కచేసినవారు తక్కువ. 2018 తరువాత ఏండ్ల తరబడి ఎదురుచూచిన ఉపాధ్యాయ నియామకములకు 2025లో మెగా డి.ఎస్సీ. జరిగినప్పుడు, 16,347 ఉద్యోగములకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేసిరి. జూన్, జూలై నెలలలో పరీక్షలు జరిగెను. సెప్టెంబరు 25న నియామక పత్రములు ఇచ్చిరి. ఆ సంవత్సరము జంగారెడ్డిగూడెము చుట్టుపట్ల మన మెట్ట సంఘములలో వచ్చిన ప్రార్థన మనవులలో సగము డి.ఎస్సీ. మనవులే. పొగాకు వేలములో ధర కొరకు కూడ ఇంత ఆసక్తితో ప్రార్థించినట్లు మాకు జ్ఞాపకము లేదు.

ఉద్యోగము వచ్చినవారు బడులలో చేరిరి. రానివారు మరల పుస్తకములు తెరచి కూర్చున్నారు. వీరు డి.ఎడ్., బి.ఎడ్. ముగించి, పగలు ఏదో ఒక ప్రైవేటు బడిలో కొద్ది జీతమునకు పాఠములు చెప్పుచు, రాత్రి పరీక్షకు చదువుకొనుచున్న యౌవనస్థులు. ఇటీవల యౌవనుల కూటములలో వీరు మమ్మును అడుగుచున్న ప్రశ్న ఒకటి కలదు: "అయ్యగారూ, రేపు మాకు ప్రభుత్వ బడిలో ఉద్యోగము వస్తే, మా పిల్లలను ప్రైవేటు బడికి పంపడం పాపమా?"

ఈ ప్రశ్న విని నవ్వి దాటవేయువారు కొందరు, కోపపడువారు కొందరు. మేమైతే దీనిని మంచి ప్రశ్నగా ఎంచుచున్నాము. ఏలయనగా ప్రభుత్వ విద్యను గూర్చి ఈ దినములలో జరుగు వాదములన్నియు, అనగా ఏ భాషలో చెప్పవలెను, ఏ బడిని దేనిలో కలుపవలెను, ఉపాధ్యాయుని హాజరు ఎట్లు తీయవలెను అను వాదములన్నియు, చివరకు ఈ గుమ్మము నొద్దనే వచ్చి నిలుచుచున్నవి. ఆ బడి ఎవరి బిడ్డల కొరకు?

ఉదయము ఎనిమిది గంటలకు మన ఊళ్లలో ఏ రోడ్డుమీద నిలిచినను పసుపుపచ్చ బస్సులు కనబడును. కూలికి పోవు తల్లి సయితము అప్పుచేసి బిడ్డకు టై, బూట్లు కొని ఆ బస్సు ఎక్కించుచున్నది. ప్రభుత్వము తల్లి ఖాతాలో వేయు సొమ్ము, 2020లో అమ్మఒడి అను పేర వచ్చినదైనను, 2025లో తల్లికి వందనము అను పేర వచ్చినదైనను, సర్కారు బడి బిడ్డకును ప్రైవేటు బడి బిడ్డకును సమానముగా వచ్చుచున్నది. అది చాలామంది ఇండ్లలో ఫీజుగా మారుచున్నది. ఆ తల్లిని మేము నిందింపము. ఆమె తన బిడ్డకు మేలు కోరినది. బస్సు వెళ్లిన తరువాత ఊరిబడిలో మిగిలినవారెవరనగా, ఎన్నుకొను శక్తి లేనివారు. తండ్రి లేని బిడ్డ, అవ్వ దగ్గర పెరుగు బిడ్డ, తలిదండ్రులు వలసపోయిన బిడ్డ, పోలవరము ముంపు గ్రామములు విడిచి మన మండలములలోని పునరావాస కాలనీలకు వచ్చిన బిడ్డ.

మన సంఘములకు దీనిలో ఒక ప్రత్యేకమైన జ్ఞాపకము కలదు. విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు సేవకులు నర్సాపురము ప్రాంతమునకు వచ్చిన నాటినుండి, ఈ గోదావరి సీమలో సువార్త వెళ్లిన చాలచోట్ల బడి కూడ వెళ్లినది. మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను తాటాకు పాకలో ఉపదేశి పగలు అక్షరములు నేర్పి, రాత్రి అదే పాకలో ప్రార్థన నడిపించెను. అప్పటికి ఊరిబడిలో మన పెద్దలకు చోటు లేదు. చోటు దొరికినచోట వరండాలో కూర్చుండబెట్టిరి. ఈనాడు ఆ బడిగది నడిమధ్యను మన పిల్లలే కూర్చున్నారు, కాని మిగిలిన ఊరు లేచి వెళ్లిపోయినది. దీనిని సమానత్వమని పిలువవలెనో మరేమని పిలువవలెనో పెద్దలు ఆలోచించుదురు గాక.

ఇక బడి సంగతి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ప్రాథమిక పాఠశాలలో అరువదిమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెను. మన్యపు అంచున ఒక్క ఉపాధ్యాయుడే అయిదు తరగతులకు పాఠము చెప్పు బడులను చూడని పాదిరి లేడు. ఒకటవ తరగతికి అక్షరములు దిద్దించుచు, అయిదవ తరగతికి భాగహారము చెప్పుచు, మధ్యలో గుడ్లు లెక్కపెట్టవలెను. డొక్కా సీతమ్మగారి పేర పెట్టిన మధ్యాహ్న భోజనము వండు ఆయాలతో మాట్లాడవలెను, ఫోనులో ఫొటోలు పంపవలెను. 2022 నుండి తన ముఖమును కూడ ఫోనుకు చూపి హాజరు వేయించుకొనవలెను. ముఖము ఫోనుకు చూపుట తప్పని మేమనము. బడికి రాని ఉపాధ్యాయులు ఉన్నందుననే అది వచ్చినది. కాని పిల్లలకు చూపవలసిన ముఖము ఎంతసేపు ఫోను వైపు తిరిగియున్నదో కొలుచు యాప్ ఇంకను రాలేదు.

ఆ 2022లోనే 117వ నంబరు జీవో ఒకటి వచ్చినది. దాని ప్రకారము ఊరిలోని మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను సమీపములోని ఉన్నత పాఠశాలకు పంపి, చాలచోట్ల ఊరిబడిలో ఒకటి, రెండు తరగతులను మాత్రమే ఉంచిరి. సబ్జెక్టు టీచర్లు పాఠము చెప్పుదురని ఒక న్యాయము చూపిరి. దూరమని తల్లులు ఏడ్చిరి, పోస్టులు పోవునని సంఘములు పోరాడెను. 2025లో ఆ జీవోను తీసివేసి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పరచసాగిరి. ఏ ప్రభుత్వము చేసినది మంచిదను వాదము ఈ పత్రికది కాదు. ఒక్క లెక్క మాత్రము చెప్పుదుము. 2022లో మూడవ తరగతిలో చేరిన బిడ్డ 2025కు ఆరవ తరగతికి వెళ్లెను. పెద్దలు ఒక ఆజ్ఞ వేసి, మరల తీసివేయునంతలో ఆ బిడ్డకు మూడవ తరగతి అయిపోయినది.

భాష సంగతియు ఇట్టిదే. 2019 నవంబరులో 81వ జీవో ద్వారా సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియము పెట్టదలచిరి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసెను. ఆ దినములలో తెలుగు చచ్చిపోవునని బాధపడినవారిలో అనేకుల మనుమలు తెలుగు మీడియము గుమ్మమైనను తొక్కినవారు కారు. తెలుగును కాపాడు భారము బీదవాని బిడ్డ నెత్తిమీదనే పెట్టుట న్యాయము కాదు. అయితే తెలుగు వాక్యము చదువలేని బిడ్డకు ఇంగ్లీషు పుస్తకము ఇచ్చినంతమాత్రమున ఇంగ్లీషు రాదనునది అంతే నిజము. దేశమందలి గ్రామములలో జరిగిన అసర్ పరిశీలన 2024లో చూపినదేమనగా, ప్రభుత్వ బడులలో మూడవ తరగతి పిల్లలు నూటికి 23.4 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలుగుచున్నారు. అయిదవ తరగతికి వచ్చువారిలోనైనను అదే పాఠము చదువగలవారు నూటికి 44.8 మందియే.

ఈ అంకెలు చూడనవసరము లేదు, మన ఆదివారపు బడి చాలును. పిల్లవాడు కంఠతవాక్యము గడగడ చెప్పును. తల్లి మురిసిపోవును, సంఘము చప్పట్లు కొట్టును. అదే వాక్యమును బైబిలులో తెరచి, మధ్యనున్న ఒక మాటమీద వ్రేలుపెట్టి "ఇదేమిటి నాయనా?" అని అడుగుడి. చాలమంది పిల్లలు తలవంచుకొందురు. చెవితో వచ్చిన వాక్యము కంటికి ఇంకను చేరలేదు. ప్రైవేటు బడికి పోవు పిల్లలలోను ఇట్టివారున్నారు. ఇది మేము మరల మరల చూచుచున్న సంగతి.

ఇప్పుడు ఆ యౌవనస్థుల ప్రశ్నకు వత్తము. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ఉత్తర ప్రదేశములో ప్రభుత్వ సొమ్ము తిను ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, న్యాయాధికారులు తమ పిల్లలను సర్కారు ప్రాథమిక బడులకే పంపవలెనని, అందుకు ఏర్పాటు చేయుమని ఆజ్ఞాపించెను. అది అమలులోనికి రాలేదు. తీర్పు వెనుకనున్న ఆలోచన బలమైనదే. కలెక్టరు బిడ్డ కూర్చుండు గదికి కప్పు కారదు, తహసీలుదారు బిడ్డ త్రాగు నీళ్లకుండ ఖాళీగా ఉండదు. మన సొంత పిల్లలు అక్కడ ఉంటే మనము ఊరకుండము.

అయినను మేము ఈ మార్గమును సంపూర్ణముగా ఒప్పుకొనలేకున్నాము. బిడ్డ తల్లిదండ్రుల నీతిని రుజువుపరచు సాక్ష్యపత్రము కాదు. ఒక తల్లి తాను పనిచేయు బడిలో ఒక్క ఉపాధ్యాయుడే ఉన్నాడని ఎరిగియు, లోకము మెచ్చుకొనుటకు తన కుమారుని అక్కడ కూర్చుండబెట్టినచో, ఆ బలి కోరినది దేవుడు కాదు. మరియు బిడ్డను ఆ బడిలో చేర్పించి, తాను మాత్రము నెలకు పది దినములు సంతకము పెట్టి బయటికి పోవు ఉపాధ్యాయుడు ఏ నీతి గెలిచినట్లు? ఇక ప్రైవేటు బడికి పంపిన ప్రతివాడును ద్రోహి అనుట మొదలుపెట్టినయెడల, ఆ వేలు తిరిగి సంఘపు పెద్దల ఇండ్ల వైపును పాదిరుల ఇండ్ల వైపును చూపును. చూపవలసినదే. కాని ప్రశ్న అంతటితో తీరదు.

ఇంకొక సంగతి. ప్రైవేటు బడి మంచిదనుకొని మనము పంపుచున్నాము. అది నిజమో కాదో మన తెలుగు నేలమీదనే పరీక్షించి చూచిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2008 మొదలుకొని నాలుగేండ్లు, 180 గ్రామములలో, సర్కారు బడి పిల్లల తలిదండ్రులలో కోరినవారి పేర్లు లాటరీ తీసి, పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించిరి. కార్తీక్ మురళీధరన్ అను ఆర్థికశాస్త్రవేత్తయు ఆయన తోడివారును దీని ఫలితమును 2015లో ప్రచురించిరి. తెలుగులోను లెక్కలలోను ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకు, లాటరీలో పేరు రాక మిగిలినవారికి భేదము కనబడలేదు. ప్రైవేటు బడులు ఆ రెండు విషయములకు తక్కువ సమయమిచ్చి ఇతర విషయములు చెప్పినవి. ముఖ్యముగా హిందీలో వారి పిల్లలు ముందుకు వచ్చిరి. కావున బస్సు ఎక్కించినంతనే బిడ్డకు చదువు వచ్చుననుట భ్రమ. కాని సర్కారు ఉపాధ్యాయుడు దీనిని చదివి మీసము దువ్వకూడదు. ఆ ప్రైవేటు బడులు బిడ్డకు పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడవ వంతుకంటె తక్కువ. డి.ఎస్సీ. రాక ముందు ఆ కొద్ది జీతమునకు పాఠము చెప్పుచున్నవారు మన పిల్లలే గదా. వారు అక్కడ శ్రమించి, రేపు పెద్ద జీతము వచ్చిన తరువాత ఏమగుదురను ప్రశ్నను వారే తమలో తాము వేసికొనవలెను.

నిర్గమకాండము రెండవ అధ్యాయములో ఒక ఆశ్చర్యమైన జీతము కలదు. నదిలో దొరికిన బిడ్డను ఫరో కుమార్తె చూచి, పాలిచ్చి పెంచు దాదిని పిలిపించెను. వచ్చినది ఆ బిడ్డ కన్నతల్లియే. ఈ బిడ్డను నా కొరకు పెంచుము, నీకు జీతమిచ్చెదనని రాజకుమార్తె ఆమెతో చెప్పెను. మోషే తల్లి తన కడుపున పుట్టినవానికి పాలిచ్చుచు, అందుకు జీతము తీసికొనెను. ఇరుగుపొరుగువారి కంటికి అది ఉద్యోగము. రాజుగారి లెక్కపుస్తకములో ఆమె జీతగత్తె, బిడ్డ పరాయివాడు. ఆమె అర్ధరాత్రి లేచి వానిని ఎత్తుకొన్నది జీతము కొరకా? జీతము లేకున్నను లేచియుండును. అయినను జీతము తీసికొనుట వలన ఆమె ప్రేమకు మచ్చ రాలేదు.

ఉపాధ్యాయుని స్థితి దీనికి ఎదురుగా నున్నది. ఆమెకు తన బిడ్డనే పరాయి బిడ్డగా ఇచ్చి జీతమిచ్చిరి. ఉపాధ్యాయునికి పరాయి బిడ్డను ఇచ్చి, తన బిడ్డవలె చూడుమని జీతమిచ్చుచున్నారు. ఉపాధ్యాయ వృత్తి ఉద్యోగమా, పిలుపా అని కూటములలో వాదించుకొనువారికి మేము చెప్పునదిదే. జీతము అడ్డు కాదు. యోహాను సువార్త పదియవ అధ్యాయములో జీతగాడు పారిపోవుటకు కారణము జీతము పుచ్చుకొనుట కాదు, గొఱ్ఱెలు తనవి కాకపోవుటయు, వాటిని లక్ష్యపెట్టకపోవుటయునే.

అందుచేత ఆ యౌవనస్థులకు మా జవాబు ఇది. నీ బిడ్డను ఏ బడికి పంపుదువో అది నీవును నీ ఇంటివారును దేవునియెదుట ఆలోచించి చేయుడి. కాని నీవు పాఠము చెప్పు గదిలో ప్రతిదినము ఒకసారి తలుపు దగ్గర నిలిచి చూడుము. ఈ దినము ఈ గదిలో, ఈ పాఠమునకు, నీ బిడ్డను ఆ వెనుక బెంచీమీద కూర్చుండబెట్టుటకు నీకు ఇష్టమా? ఇష్టము కానిచో, ఎందుకు కాదు? కప్పు కారుచున్నదనియా? దానికి నీవు వ్రాయవలసిన అర్జీ ఒకటి కలదు. ఒక్కడవే ఉన్నావనియా? దానికి పోరాడవలసినది నీవొక్కడవే కాదు, ఊరంతయు. లేక, ఈ దినము నీవు పాఠము సిద్ధపరచుకొనక వచ్చితివనియా? "ఈ పిల్లలకు ఇంతే వచ్చును, వీరింటిలో చదువు లేదు" అని నీవు లోలోపల అనుకొనుచున్నావనియా? ఈ చివరిదానిని మేము అన్నిటికంటె భయపడుచున్నాము. అది జాలివలె కనబడును. అది జాలి కాదు. తన సొంత బిడ్డకు ఎక్కము రాకున్న ఏ తల్లియు "వీనికి ఇంతే" అని పడుకొనదు.

బుట్టాయగూడెము, జీలుగుమిల్లి వైపు వెళ్లువారికి ఇది ఇంకను పదునుగా తగులును. మన్యములో బయటినుండి వచ్చు ఉపాధ్యాయులు సరిగా బడికి రానందున, 2000 జనవరిలో ప్రభుత్వము 3వ నంబరు జీవో ద్వారా షెడ్యూల్డు ప్రాంతపు ఉపాధ్యాయ పోస్టులన్నియు స్థానిక గిరిజనులకే కేటాయించెను. 2020 ఏప్రిల్ 22న సుప్రీము కోర్టు నూటికి నూరు కేటాయింపు రాజ్యాంగమునకు సరిపడదని దానిని కొట్టివేసెను. న్యాయశాస్త్రము మేము చదివినవారము కాము. అయినను ఆ జీవో పుట్టిన కారణము తీర్పుతో పోలేదని మాత్రము తెలిసికొనవలెను. కోయ బిడ్డ ఇంట మాటలాడు భాష వేరు, పలకమీది భాష వేరు. 2004 నుండి కోయ మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు పుస్తకములు చేయు పని ఆరంభమైనది. పుస్తకము వచ్చినను, దానిని తెరచు మాస్టారు సాయంకాలము బస్సు వేళకే గడియారము చూచువాడైన ప్రయోజనమేమి? రేపు మన సంఘములలోని బిడ్డ ఎవరైనను కౌన్సెలింగులో కూర్చుండి, దగ్గరి బడులన్నియు పైర్యాంకువారు తీసికొనగా, కొండ ప్రక్కనున్న పేరొకటి మిగిలినదని ఏడ్చుచు ఫోను చేసినయెడల, దయచేసి వెంటనే బదిలీ కొరకు ఉపవాస ప్రార్థన ప్రకటింపకుడి. ముందు ఆ ఊరిలో పిల్లలెందరో, అక్కడ ఎంతకాలమునుండి టీచరు లేరో కనుగొనుడి.

సంఘము చేయదగినదియు కలదు. విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీని ఇచ్చినది. అందులో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులే ఉండవలెను, సగముమంది స్త్రీలై యుండవలెను. మన స్త్రీల సమాజపు సహోదరీలు కానుక లెక్క పైసాతో సహా వ్రాయగలవారు. వారిలో ఆ కమిటీలో కూర్చుండి, నెలకొకసారి బడికి పోయి "మా పిల్లలకు చదువ వచ్చుచున్నదా?" అని అడిగినవారెందరు? కమిటీ ఎన్నిక దినమున కూలి పోవునని మనము పోము. మనము పోనందున వేరెవరో కూర్చుందురు. టీచరును తిట్టుటకు పోవద్దు. ఒక్కడే అయిదు తరగతులు మోయుచున్నవానికి ఊరి పక్షమున అర్జీమీద సంతకము పెట్టుటకు పొండి. 2021లో ఎయిడెడ్ బడుల ఉపాధ్యాయులను ప్రభుత్వములోనికి తీసికొనునప్పుడు మన మిషను బడులు కొన్ని సిబ్బంది లేక మిగిలినవి. ఆ బడులు పోయినవని ఇంకను విచారించుచున్న పెద్దలున్నారు. వారి విచారము మాకు తెలియును. కాని మన బిడ్డలు ఇప్పుడున్నది మండల పరిషత్తు బడిలో. మనము వెళ్లవలసినది అక్కడికే.

డి.ఎస్సీ.కి చదువుకొనుచున్న యౌవనస్థులతో ఒక మనవి. సాయంకాలము ఆరు మొదలు ఏడు గంటల వరకు చర్చి వరండాలో దీపము వెలుగును. ఏ మతపు బిడ్డయైనను రావచ్చును. మూడవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు పిల్లలను ఒక్కొక్కరిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, రెండవ తరగతి తెలుగు వాచకములో ఒక పుట చదివించుడి. ఎక్కడ ఆగిరో పుస్తకములో వ్రాసికొనుడి. పదిమంది పిల్లలకు ఒకరు చాలును. పలకలు, బలపములు సంఘము కొనిపెట్టును. వచ్చువారు ఆదివారము ఆరాధన తరువాత సంఘ పెద్దలకు పేరు ఇయ్యవలెను.